స్టాండర్డా, బేసిక్కా? సీబీఎస్ఈ పదో తరగతి లెక్కల పేపర్ ఎంచుకోవడం ఎలా

పదో తరగతి మొదలైన కొన్ని నెలలకు స్కూలు నుంచి ఒక కాగితం ఇంటికొస్తుంది. పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు సరిచూసి సంతకం పెట్టమంటారు. అందులోనే లెక్కల దగ్గర రెండు గళ్లు ఉంటాయి. ఒకటి స్టాండర్డ్, ఒకటి బేసిక్. టిక్ పెట్టడానికి అరక్షణం చాలు. కానీ ఆ టిక్ కోసం ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడుస్తుంది. నాన్న స్టాండర్డ్ అంటాడు. అమ్మ "వాడికి ఇప్పటికే నిద్ర చాలట్లేదు" అంటుంది. ఫోన్లో బాబాయి "బేసిక్ అంటే ఇక ఇంజినీరింగ్ లేనట్టే" అని తేల్చేస్తాడు. పరీక్ష రాయాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

నేను పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పాఠం కంటే ఈ ప్రశ్నకే ఎక్కువ జవాబులు చెప్పాల్సి వస్తుంది. ఒకసారి ఒక తండ్రి నెమ్మదిగా అడిగారు: "సార్, బేసిక్ టిక్ పెడితే మావాడు డల్ అని నేనే రాసిచ్చినట్టు కాదాండీ?" ఆ భయం ఆయనొక్కడిదే కాదు. అది ఉన్నంతసేపు లెక్క సరిగ్గా చూడలేం. అందుకే ముందు ఈ రెండు పేపర్లూ అసలు ఏమిటో చూద్దాం.

రెండింటికీ తేడా ఎక్కడ

ఈ పద్ధతిని బోర్డు 2019 జనవరిలో ప్రకటించింది. 2020 పరీక్షలతో అమల్లోకి వచ్చింది. స్టాండర్డ్ కోడ్ 041, బేసిక్ కోడ్ 241. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తాయి.

చాలామంది అనుకున్నట్టు బేసిక్‌కి సిలబస్ తగ్గదు. అదే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, అవే 14 పాఠాలు, అదే క్లాసు, అదే టీచర్. ఇంటర్నల్‌కి 20 మార్కులు రెండింటికీ ఒకేలా ఉంటాయి. బోర్డు పరీక్ష 80 మార్కులకు, మూడు గంటలు. పేపర్ ఆకారం కూడా ఒకటే: 38 ప్రశ్నలు, అయిదు సెక్షన్లు. ఒక మార్కువి 20, రెండు మార్కులవి 5, మూడు మార్కులవి 6, అయిదు మార్కులవి 4, చివర్లో నాలుగు మార్కుల కేస్ స్టడీలు 3. పాఠాలకిచ్చే వెయిటేజీ కూడా మారదు. బీజగణితానికి 20, రేఖాగణితానికి 15, త్రికోణమితికి 12, సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత కలిపి 11, క్షేత్రమితికి 10, సంఖ్యలకు 6, నిరూపక రేఖాగణితానికి 6.

మరి మారేదేమిటి? ప్రశ్న అడిగే తీరు. స్టాండర్డ్‌లో 80కి 43 మార్కులు గుర్తుంచుకుని, అర్థం చేసుకుని నేరుగా రాసే ప్రశ్నలకు. 19 మార్కులు నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడే ప్రశ్నలకు. మిగిలిన 18 బుర్రకు పని పెట్టేవాటికి. బేసిక్‌లో నేరు ప్రశ్నలు 60 మార్కులకు పెరుగుతాయి, వాడే ప్రశ్నలు 12కి, కష్టమైనవి 8కి తగ్గుతాయి. అంటే అసలు తేడా 17 మార్కులే. ఆ 17 మార్కులు కష్టం వైపు నుంచి తేలిక వైపుకు జరిగాయి. ఈ గొడవంతా వాటి గురించే.

ఉదాహరణకు అంకశ్రేఢినే తీసుకోండి. నేరు ప్రశ్న ఇలా ఉంటుంది: 3, 8, 13... శ్రేఢిలో 20వ పదం ఎంత? సూత్రం తెలిస్తే చాలు, 98 వచ్చేస్తుంది. ఇంకో రకం ఇలా: ఒక అంకశ్రేఢిలో అయిదో పదానికి అయిదు రెట్లు, ఎనిమిదో పదానికి ఎనిమిది రెట్లు సమానం, అయితే 13వ పదం సున్నా అని చూపండి. సూత్రం అదే. కానీ మాటల్ని సమీకరణంగా మార్చాలి, మొదటి పదాన్ని పదాల మధ్య ఉండే తేడాలో చెప్పుకోవాలి, దాంతో ఏం చేయాలో తోచాలి. మొదటిది బేసిక్‌లో ఎక్కువ కనిపిస్తుంది. అలాగని రెండో రకం బేసిక్‌లో అసలుండదని కాదు, తక్కువ ఉంటుంది.

ఇంగ్లండ్‌లో జీసీఎస్ఈ రాసే పిల్లలకూ లెక్కల్లో ఇలాంటి రెండు అంతస్తులే ఉన్నాయి. అక్కడ కింది అంతస్తు ఫౌండేషన్‌లో ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 దాటదు. 9 వరకు ఎక్కాలంటే హయ్యర్ రాయాల్సిందే. అక్కడి చుట్టాలు చెప్పింది విని ఇక్కడ బెంగపడేవాళ్లను చూశాను. మనకు అలాంటి కప్పు లేదు. బేసిక్‌లోనూ నూటికి నూరు తెచ్చుకోవచ్చు. మన దగ్గర తేడా అంతా పదకొండో తరగతి గుమ్మం దగ్గర.

మొదటి అడుగు: పదకొండులో లెక్కలు కావాలా?

పిల్లల మార్కుల గురించి మాట్లాడే ముందు ఇది తేల్చుకోండి. 2019లో బోర్డు పెట్టిన నియమం స్పష్టంగా ఉంది: బేసిక్ రాసినవాళ్లు పదకొండో తరగతిలో మ్యాథమేటిక్స్ తీసుకోవాలంటే కంపార్ట్‌మెంట్ పరీక్షల (తప్పినవాళ్లు మళ్లీ రాసేవి) సమయంలో స్టాండర్డ్ రాసి పాసవ్వాలి. కోవిడ్ వచ్చాక బోర్డు దీన్ని సడలించింది. పిల్లల సామర్థ్యం మీద ప్రిన్సిపాల్‌కి నమ్మకం కుదిరితే బేసిక్ వాళ్లనూ చేర్చుకోవచ్చంది. తర్వాత కూడా ఆ సడలింపు పొడిగించింది. కానీ సడలింపు హక్కు కాదు. మీ పిల్లల ఏడాదికి ఏం వర్తిస్తుందో ఆ ఏడాది సర్క్యులర్‌లోనే చూడాలి. సడలింపు ఉన్నా ప్రిన్సిపాల్ కాదనొచ్చు. అందుకే నా సలహా: పాత, కఠినమైన నియమమే ఉందనుకుని నిర్ణయించండి. సడలింపు దొరికితే అది అదనపు లాభం.

ఇంట్లో కూర్చుని పదో తరగతి తర్వాత దారులన్నీ ఒక కాగితం మీద రాయండి. కల ఒక్కటే కాదు, రెండో దారి, మూడో దారి కూడా. ఇంజినీరింగ్ అయితే ఆలోచించాల్సిన పని లేదు, స్టాండర్డే. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా ఎయిర్‌ఫోర్స్‌కో నేవీకో వెళ్లాలన్నా పన్నెండులో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. ఎకనామిక్స్ ఆనర్స్ మీద మనసున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. అది ఆర్ట్స్ కదా, లెక్కలెందుకు అనుకుంటారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఆ కోర్సుకి సీయూఈటీలో, అంటే యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలో, లెక్కలు రాయాలి.

డాక్టర్ కావాలనుకునేవాళ్లకు నీట్‌లో లెక్కల పేపర్ లేదు. అలాగని బేసిక్ అని టిక్ పెట్టేసి నిశ్చింతగా ఉండకండి. పదకొండో తరగతి ఫిజిక్స్ మొదలైన కొన్ని వారాలకే వెక్టర్లు, త్రికోణమితి, కాస్త క్యాలిక్యులస్ వచ్చి కూర్చుంటాయి. బేసిక్ రాయడం వల్ల ఫిజిక్స్ ఆగిపోదు, కానీ త్రికోణమితిని బట్టీ పట్టి దాటేస్తే అక్కడ బాకీ తీర్చాల్సి వస్తుంది. సీఏ వైపు వెళ్లేవాళ్ల సంగతీ దాదాపు ఇంతే. ఇంటర్లో లెక్కలు తప్పనిసరి కాదు, కానీ సీఏ ఫౌండేషన్‌లో బిజినెస్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, లాజికల్ రీజనింగ్ కలిపి నూరు మార్కుల పేపర్ ఉంది.

మధ్యేమార్గం ఒకటుంది, చాలామందికి తెలియదు. పదకొండులో అప్లయిడ్ మ్యాథమేటిక్స్ అనే వేరే సబ్జెక్టు ఉంది. కామర్స్, ఆర్ట్స్ పిల్లల కోసం పెట్టింది. బేసిక్ రాసినవాళ్లు దాన్ని తీసుకోవచ్చు. అయితే ఇంజినీరింగ్‌కి అది పనికిరాదు, పైగా అన్ని స్కూళ్లలోనూ ఉండదు. మీ స్కూల్లో ఉందో లేదో ఇప్పుడే అడగండి.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో మలుపుంది. సీబీఎస్ఈలో పది చదివి స్టేట్ ఇంటర్‌లోకి వెళ్లేవాళ్లు బోలెడు. అక్కడ బోర్డు వేరు, దాని నియమాలు వేరు. పదో తరగతి పరీక్షలు మొదలవకముందే కాలేజీల వాళ్లు ఇంటికొచ్చి సీటు బుక్ చేసుకోమంటారు. ఆ వచ్చిన మనిషి దేనికైనా "ఏం ఫర్లేదండీ" అంటాడు. ఆయన మాట మీద టిక్ పెట్టకండి. పదో తరగతిలో బేసిక్ రాసినవాళ్లను ఎంపీసీలో చేర్చుకుంటారా అన్న ప్రశ్న కాలేజీ ఆఫీసును అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఈ కాగితం మీద ఒక్క దారికైనా లెక్కలు కావాలని తేలితే, ఆ దారి మీద పిల్లలకు నిజంగా ఆసక్తి ఉంటే, ఇక చూడాల్సింది స్టాండర్డ్ ఎలా గట్టెక్కాలన్నదే. లెక్కల అవసరం ఎక్కడా లేదని తేలినా, ఇంకా ఏమీ తోచట్లేదన్నా కింది అడుగులు మీకే.

రెండో అడుగు: రెండు పేపర్లూ రాయించండి

యూనిట్ టెస్ట్ మార్కులు చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఆ పేపర్ స్టాండర్డ్ తీరులో ఇచ్చారో, బేసిక్ తీరులోనో మీకు తెలియదు. కొన్ని స్కూళ్లలో పిల్లలు గట్టిగా చదవాలని పేపర్ కష్టంగా ఇస్తారు, కొన్నిచోట్ల తల్లిదండ్రులు సంతోషించాలని తేలిగ్గా ఇస్తారు. రెండూ చూశాను.

సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైట్‌లో ఏటా రెండు లెవెళ్లకూ వేర్వేరుగా శాంపిల్ పేపర్లు, వాటి మార్కింగ్ స్కీములు పెడతారు. డబ్బులు కట్టక్కర్లేదు. స్టాండర్డ్‌వి రెండేళ్లవి, బేసిక్‌ది ఒక ఏడాదిది ప్రింట్ తీయండి.

చిక్కేమిటంటే ఫారం వచ్చేనాటికి సిలబస్ సగమే అయి ఉంటుంది. అందుకని పేపర్ మొత్తం ఇవ్వకండి. ఇంకా చెప్పని పాఠాల ప్రశ్నలు కొట్టేయండి. మిగిలిన ప్రశ్నల మార్కులు కూడి, మార్కుకి రెండుంపావు నిమిషాల చొప్పున సమయం కట్టండి. 80 మార్కులకు 180 నిమిషాలు కాబట్టి ఆ లెక్క. 40 మార్కుల ప్రశ్నలు మిగిలితే గంటన్నర. ఆదివారం పొద్దున, ఫోన్ వేరే గదిలో, క్యాలిక్యులేటర్ లేకుండా. మధ్యలో మీరు గదిలోకి తొంగిచూడకండి. పాలు, బిస్కెట్ల వంకతో కూడా.

ఒక్క ఆదివారంతో తేల్చకండి. మొదటి పేపర్‌కి టెన్షన్ ఉంటుంది, అది తూకంలోకి రాదు. రెండో వారం రెండో స్టాండర్డ్ పేపర్, మూడో వారం బేసిక్. ఈ వరుసే పాటించండి. ముందే బేసిక్ ఇస్తే, ఆ తేలిక చూశాక స్టాండర్డ్ మరీ కొండలా కనిపిస్తుంది.

దిద్దేటప్పుడు మార్కింగ్ స్కీమ్ పక్కన పెట్టుకోండి. బోర్డులో స్టెప్పులకు మార్కులుంటాయి. జవాబు తప్పయినా దారి సరిగ్గా ఉంటే సగానికి పైగా రావచ్చు. ఇంట్లో దిద్దేవాళ్లు జవాబు చూసి సున్నా వేసేస్తారు, పిల్లలు ఉన్నదానికంటే తక్కువ అనిపిస్తారు. మీకు లెక్కలు రాకపోతే సబ్జెక్ట్ టీచర్‌నో, ట్యూషన్ సార్‌నో దిద్దమనండి. మార్కులు మాత్రమే కాదు, పేపరే వెనక్కి తీసుకోండి. అసలు విషయం అందులో ఉంది.

మూడో అడుగు: పోయిన మార్కులు ఎక్కడ పోయాయి

ఈ అడుగు మీదే నేను ఎక్కువ సమయం పెడతాను. మీరూ పెట్టండి.

దిద్దిన స్టాండర్డ్ పేపర్లో మార్కు పోయిన ప్రతిచోటా మూడు రంగుల్లో ఏదో ఒకటి పూయండి. విషయమే తెలియక పోయినవాటికి ఎరుపు: సూత్రం గుర్తులేదు, పాఠం తలకెక్కలేదు. తెలిసీ జారినవాటికి పసుపు: మైనస్ పోయింది, కూడికలో తప్పు, యూనిట్ రాయలేదు, సమయం చాలలేదు. పాఠం తెలుసు కానీ ప్రశ్న ఏమడుగుతోందో పట్టుకోలేనివాటికి నీలం.

ఈ రంగులే దాదాపు జవాబు చెప్పేస్తాయి. ఎరుపు ఎక్కువగా ఉంటే బేసిక్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. సిలబస్ అదే కదా, తెలియని పాఠం అక్కడా తెలియదు. పసుపు ఎక్కువైతే అది లెవెల్ సమస్యే కాదు, ప్రాక్టీస్ సమస్య. ఆ పిల్లలు బేసిక్‌కి మారితే మైనస్ గుర్తులు అక్కడా జారతాయి. నీలం ఎక్కువగా ఉన్నవాళ్లకే బేసిక్ నిజంగా కలిసొస్తుంది.

ఇది మాటలతో నమ్మరు, ఒక లెక్క వేద్దాం. ముగ్గురు పిల్లల్ని ఊహించుకోండి. మొదటి వాడికి నేరు ప్రశ్నల్లో నూటికి 40, వాడే ప్రశ్నల్లో 20, కష్టమైనవాటిలో 5 వస్తాయి. స్టాండర్డ్ రాస్తే 80కి సుమారు 22, బేసిక్ రాస్తే 27. తేడా అయిదే. రెండో అమ్మాయికి నేరు ప్రశ్నల్లో 90, వాడేవాటిలో 50, కష్టమైనవాటిలో 20. స్టాండర్డ్‌లో 52, బేసిక్‌లో 62. తేడా పది. మూడో పిల్లకు 95, 80, 60. స్టాండర్డ్‌లో 67, బేసిక్‌లో 71. తేడా నాలుగే.

ఇది అంచనా లెక్కే, రెండు పేపర్లలో ఒకే రకం ప్రశ్నల కష్టం ఒకేలా ఉంటుందనుకుని వేసింది. అయినా అది చెప్పేది చూడండి. బేసిక్ వల్ల మార్కుల్లో ఎక్కువ లాభపడేది వెనకబడిన పిల్లాడు కాదు, బాగా చదివే పిల్లా కాదు. పుస్తకం శ్రద్ధగా చదివి, తిప్పి అడిగితే తడబడే మధ్యరకం పిల్ల. ఇంతకీ పదకొండులో లెక్కలు తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడేది కూడా సరిగ్గా ఆ పిల్లే. ఆమె విషయంలో పది మార్కుల కోసం ఒక తలుపు మూసుకోవాలా అన్నది మీరు మొదటి అడుగులో రాసుకున్న కాగితం చూసి తేల్చుకోవాలి. ఆ తలుపుతో పనిలేకపోతే పది మార్కులు వదులుకోవడంలో అర్థం లేదు.

మొదటి పిల్లాడి సంగతి వేరు. వాడికి ఇంటర్నల్‌లో 15 వస్తే స్టాండర్డ్‌లో 37, బేసిక్‌లో 42. పాసవ్వడానికి నూటికి 33 కావాలి. రెండింటిలోనూ గట్టెక్కుతాడు, కానీ స్టాండర్డ్‌లో గీత మీద నడుస్తాడు. పరీక్ష రోజు కాస్త జ్వరం వచ్చినా, ఒక కేస్ స్టడీ చూసి కంగారుపడినా ఆ నాలుగు మార్కులు ఎగిరిపోతాయి. వాడికి లెక్కల దారి అక్కర్లేదనుకుంటే నేను బేసిక్కే అంటాను. అక్కడ అయిదు మార్కుల కంటే పెద్ద లాభం ఒకటుంది: పేపర్ తెరవగానే రాయగలిగిన ప్రశ్నలు కనిపిస్తాయి. పెన్ను కదులుతుంది. కదలని పెన్నుతో మూడు గంటలు కూర్చున్న పిల్లలు తర్వాతి పరీక్షకు ఎలా వెళతారో చూసినవాళ్లకు తెలుసు.

నేను వాడే కొలత చెబుతాను. ఇది బోర్డుది కాదు, నా అనుభవంలో కుదిరింది. రెండు స్టాండర్డ్ పేపర్ల సగటును 80కి లెక్కగట్టి, సెప్టెంబరులో 45 దాటితే ఇక చర్చ లేదు, స్టాండర్డ్. 30 నుంచి 45 మధ్య ఉంటే మొదటి అడుగులో రాసుకున్న కాగితమే తేలుస్తుంది. 30 లోపు ఉండి, లెక్కలతో ముందుకెళ్లే ఆలోచన లేకపోతే బేసిక్. 30 లోపు ఉండి కూడా ఇంజినీరింగే కావాలంటే? అప్పుడు లెవెల్ గురించి కాదు, రేపటి నుంచి రోజూ గంటన్నర ఎక్కడి నుంచి తీస్తారన్న దాని గురించి మాట్లాడుకోవాలి.

నాలుగో అడుగు: పెరుగుతున్నారా, ఆగిపోయారా

ఇది చిన్నదే. తొమ్మిదో తరగతి చివరి పేపర్, పదో తరగతి మొదటి టెస్ట్, ఇంట్లో రాసిన పేపర్లు వరుసగా పెట్టండి. 28 నుంచి 36కి వచ్చిన పిల్లా, 44 నుంచి 36కి పడిపోయిన పిల్లా ఇవాళ ఒకేచోట ఉన్నారు, కానీ ఒకే నిర్ణయం పనికిరాదు. ఎక్కుతున్నవాళ్లను స్టాండర్డ్‌లో ఉంచండి. పడిపోతున్నవాళ్ల విషయంలో ముందు కారణం వెతకండి. తరచు అది లెక్కల్లో ఉండదు. కళ్లజోడు నంబరు మారి బోర్డు కనపడక మార్కులు పడిపోయిన అమ్మాయి నా దగ్గరే ఉండేది.

డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు పట్టుబడకపోవడం) లాంటి ఇబ్బంది ఉందని అనుమానం ఉంటే లెవెల్ కంటే ముందు ఆ పరీక్ష చేయించండి. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు బోర్డు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలిస్తుంది. వాటితో లెక్కే మారిపోవచ్చు.

అయిదో అడుగు: పిల్లలతో మాట్లాడటం

కాగితాలన్నీ ముందు పెట్టి మాట్లాడండి. "నువ్వేం అనుకుంటున్నావు" అని అడిగితే "మీ ఇష్టం" అంటారు. దానికి బదులు "ఈ రెండు పేపర్లలో ఏది రాసేటప్పుడు సమయం తెలియలేదు?" అని అడగండి. జవాబు నిజంగా వస్తుంది. స్నేహితులు ఏం పెట్టారని కూడా అడగండి, ఎందుకంటే సగం మంది టిక్ పెట్టేది దాన్ని చూసే. బెంచీలో పక్కనున్నవాడు బేసిక్ పెట్టాడని పెట్టేవాళ్లూ ఉన్నారు, క్లాసులో పరువు పోతుందని స్టాండర్డ్ పెట్టేవాళ్లూ ఉన్నారు.

"ఈజీ పేపర్", "వీక్ స్టూడెంట్" అన్న మాటలు ఇంట్లో వాడకండి. తోబుట్టువులతో పోల్చకండి. అక్క స్టాండర్డ్‌లో 98 తెచ్చుకుంది సరే, అక్క ఈ పరీక్ష రాయట్లేదు.

పిల్లలు ఒకటి, మీరు ఒకటి అన్నప్పుడు ఏం చేయాలి? పిల్లలు పైది అడుగుతుంటే, రంగులు మరీ ఎర్రగా లేకపోతే, ఒప్పుకోండి. తనంతట తాను అడిగిన బరువు మోయడానికి చూపే పట్టుదల వేరు. పిల్లలు బేసిక్ అడుగుతుంటే మాత్రం కారణం తవ్వండి. లెక్కలంటే ఇష్టం లేదా, లేక చెప్పే టీచర్ అంటే భయమా? రెండోదైతే తలుపు మూయాల్సిన పనిలేదు, ట్యూషన్ మారిస్తే సరిపోతుంది.

ఆరో అడుగు: స్కూలు ఒత్తిడి, ఫారం

కొన్ని స్కూళ్లు తమ సగటు మార్కులు మెరవాలని మధ్యరకం పిల్లలందరినీ బేసిక్ వైపు నెడతాయి. మరికొన్ని "మా స్కూల్లో అందరూ స్టాండర్డే" అని గొప్పగా చెప్పుకుంటాయి. రెండూ మీ పిల్లల కోసం తీసుకున్న నిర్ణయాలు కావు. ఎంపిక విద్యార్థిది. టీచర్ వేరే సలహా ఇస్తే కొట్టిపారేయకండి, "ఏ పేపర్ చూసి అలా అనిపించింది?" అని అడగండి. మంచి టీచర్ దగ్గర దానికి జవాబుంటుంది. మీ రంగుల పేపర్ కూడా చూపించండి.

స్కూలు ఈ వివరాలన్నీ విద్యార్థుల జాబితాగా బోర్డుకి పంపుతుంది. అది వెళ్లిపోయాక మార్చడం కష్టం. తర్వాత చూద్దాంలే అని ఏదో ఒకటి టిక్ పెట్టకండి. పంపే ముందు ఆ జాబితాలో మీ పిల్లల వరుస మీ కళ్లతో చూడండి. లెక్కల దగ్గర 041 ఉందా, 241 ఉందా?

ఎంచుకున్నాక

స్టాండర్డ్ పెట్టినవాళ్లు నీలం రంగు మార్కుల మీద పనిచేయాలి. రైలు వేగాలు, పడవ, వయసుల లెక్కలు, ఎత్తులు దూరాలు, త్రిభుజాల నిరూపణలు. రోజుకి ఒకటి చాలు, కానీ సొల్యూషన్ చూడకుండా పావుగంట దానితో కుస్తీ పట్టాలి. అక్కడే అసలు చదువు జరుగుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉదాహరణలు, అభ్యాసాలు పూర్తవకుండా లావుపాటి గైడ్లు కొనకండి.

బేసిక్ పెట్టినవాళ్లకు ఒక హెచ్చరిక. "బేసిక్కే కదా" అని డిసెంబరు దాకా పుస్తకం తెరవనివాళ్లు ఏటా కనిపిస్తారు. వాళ్ల కోసం బోర్డు సిలబస్ ఏమీ తగ్గించలేదు. నేరు ప్రశ్నల 60 మార్కులు మీవి కావాలంటే 14 పాఠాల సూత్రాలూ, నిర్వచనాలూ, మామూలు లెక్కలూ చేతిలో ఉండాలి. ఒక మార్కు ప్రశ్నల్లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, సంఖ్యలు, నిరూపక రేఖాగణితం ముందు పట్టుకోండి. కొద్ది రోజుల్లో ఎక్కువ మార్కులు ఇచ్చేవి అవే.

అనుకోనిది జరిగితే దారులున్నాయి. స్టాండర్డ్‌లో తప్పినవాళ్లు కంపార్ట్‌మెంట్‌లో స్టాండర్డ్ గానీ బేసిక్ గానీ రాసుకోవచ్చని బోర్డు మొదటి సర్క్యులర్‌లోనే చెప్పింది. 2026 నుంచి పదో తరగతికి ఏటా రెండు బోర్డు పరీక్షలు వచ్చాయి. ఫిబ్రవరిలో మొదలయ్యేది అందరూ రాయాలి, మేలో జరిగేది మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లకు, మూడు సబ్జెక్టుల వరకు. కాబట్టి స్టాండర్డ్ పెట్టి ఒకసారి జారినా ఏడాది పోదు. నేను గీత మీదున్న పిల్లలకు స్టాండర్డ్ వైపు కాస్త మొగ్గడానికి ఇదొక కారణం.

జనవరిలోనో ఫిబ్రవరిలోనో అడ్మిట్ కార్డ్ చేతికొస్తుంది. అందరూ ముందు ఫొటో ఎలా పడిందో చూస్తారు. మీరు లెక్కల పక్కనున్న కోడ్ చూడండి. మీరు పెట్టింది అదేనా? కాకపోతే ఆ రోజే స్కూలు ఆఫీసుకి వెళ్లండి. రెండు పేపర్లూ ఒకే రోజు, ఒకే సమయానికి ఉంటాయి. పరీక్ష హాల్లో కవర్ చింపాక ఆ మూడంకెలు మార్చగలిగే వాళ్లెవరూ ఉండరు.